అన్నవాహిక క్యాన్సర్ వైద్యం అయ్యాక: తినడం, పడుకోవడం, తిరగడం ఎలా

కీమో అయింది, కరెంటు పెట్టడం (రేడియేషన్) అయింది, ఆపరేషన్ కూడా అయింది. స్కానింగులో ఏమీ లేదన్నారు. చుట్టాలంతా వచ్చి చూసి, ‘గండం గడిచింది’ అని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఇంట్లో మిగిలే ఇబ్బందుల గురించి ఇది రాస్తున్నాను. నాలుగు ముద్దలకే నిండిపోవడం, తిన్న కాసేపటికి గుండెదడ, పడుకోగానే గొంతులోకి పుల్లనీళ్లు, మెట్లెక్కితే ఆయాసం. ఇవి మొదలైనప్పుడు ఎవరికైనా జబ్బు తిరగబెట్టిందేమో అనే అనిపిస్తుంది. చాలామటుకు అది కాదు. వైద్యం వల్ల లోపల జరిగిన మార్పులే ఇలా బయటపడతాయి. ఎందుకొస్తున్నాయో తెలిస్తే ఏం చేయాలో తెలుస్తుంది.

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. పెళ్లయినప్పటి నుంచి అప్పడాలు, వడియాలు చేసి అమ్మడమే నా పని. అన్నవాహిక కింది భాగంలో క్యాన్సర్ వస్తే విశాఖపట్నంలో ముందు కీమో, కరెంటు కలిపి ఇచ్చి, కొన్ని వారాలు ఆగి ఆపరేషన్ చేశారు. డిశ్చార్జి కాగితంలో మందుల పేర్లుంటాయి. వంటింట్లో ఏం చేయాలి, మంచం ఎలా వేసుకోవాలి, పెళ్లి భోజనానికి పిలిస్తే ఏం చెప్పాలి అన్నవి అందులో ఉండవు. డాక్టర్లు, డైటీషియన్ చెప్పినవి, నాకు కుదిరినవి కలిపి ఇక్కడ చెబుతున్నాను. మీ డాక్టరు వేరేలా చెబితే వారి మాటే వినండి.

లోపల ఏం మారింది

క్యాన్సర్ ఉన్న అన్నవాహికలో ఎక్కువ భాగం తీసేసి, జీర్ణాశయాన్నే సన్నటి గొట్టంలా కుట్టి, ఛాతీలోకి పైకి లాగి, మిగిలిన అన్నవాహికకి అతుకుతారు. దీనివల్ల మూడు పోతాయి. మొదటిది చోటు. తిన్నదాన్ని దాచుకుని కొంచెం కొంచెంగా కిందికి వదిలే సంచి ఇక లేదు. రెండోది, తిన్నది పైకి రాకుండా బిగించి ఉంచే కండరం. అది పోయాక మన పొట్ట మూత లేని సీసా లాంటిది, నిలబెడితే బాగానే ఉంటుంది, పడుకోబెడితే ఒలికిపోతుంది. మూడోది, జీర్ణాశయాన్ని కదిలించే నరాలు. ఆపరేషన్‌లో అవి తెగిపోతాయి కాబట్టి ఒక్కోసారి తిన్నది గంటల తరబడి కదలదు, ఒక్కోసారి గబగబా పేగుల్లోకి జారిపోతుంది.

దీనికి తోడు, ఆకలి పుట్టించే హార్మోన్ జీర్ణాశయంలోనే ఎక్కువగా తయారవుతుంది. ఆపరేషన్ తర్వాత అది తగ్గుతుంది. అందుకే ఆకలి వేయదు. ఆకలి వేశాక తిందామనుకుంటే సాయంత్రం దాకా ఏమీ తినకుండానే గడిచిపోతుంది.

ఆపరేషన్ లేకుండా కీమో, కరెంటుతోనే వైద్యం అయిన వాళ్లకి పొట్ట ఉన్నచోటే ఉంటుంది. వాళ్ల ఇబ్బంది వేరు. కరెంటు పెట్టిన చోట అన్నవాహిక బిగుసుకుపోయి, కొన్ని నెలల తర్వాత కూడా దారి సన్నబడవచ్చు. అడ్డుపడటం గురించి కింద రాసింది వాళ్లు తప్పక చదవాలి.

తినడం

గడియారం చూసి తినండి. రోజుకి ఆరు నుంచి ఎనిమిది సార్లు, రెండు రెండున్నర గంటలకోసారి. నాకు నప్పిన వరస ఇది. నిద్ర లేవగానే ఎసిడిటీ మాత్ర, అరగంట తర్వాత మెత్తగా పొరటిన ఒక గుడ్డు. ఎనిమిదిన్నరకి ఒకటిన్నర ఇడ్లీ. పదిన్నర, పదకొండుకి ఛతువా అనే వేయించిన సెనగల, గోధుమల పిండి. ఒంటిగంటకి చిన్న గిన్నెడు పప్పన్నం, చేప. మూడున్నరకి చక్కెర లేని ఛెనా (పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద), ఉప్పు మిరియాల పొడి చల్లుకుని. ఐదున్నరకి జారుగా చేసిన ఉప్మా. రాత్రి ఏడుకల్లా చివరి తిండి. ఆ తర్వాత మందులకి తప్ప నోట్లో ఏమీ వేసుకోను.

పళ్లెం మార్చేయండి. పెద్ద పళ్లెంలో కొంచెం అన్నం చూస్తే తినేవాళ్లకీ దిగులే, పెట్టేవాళ్లకీ దిగులే. పెరుగు వేసుకునే చిన్న గిన్నె, చెంచా చాలు. కూర్చుని, వీపు నిటారుగా పెట్టి, ఇరవై నిమిషాలు అరగంట పట్టేలా తినాలి. ముద్ద పేస్టులా అయ్యేదాకా నమలాలి. ఆ ముద్ద దిగాకే ఇంకో ముద్ద. టీవీ చూస్తూ, ఫోన్ మాట్లాడుతూ తింటే నమలడం మర్చిపోతాం. తినేటప్పుడు ఎక్కువ మాట్లాడితే గాలి కూడా మింగుతాం, దాంతో ఛాతీ బిగుస్తుంది.

ఇదివరకు కడుపు నిండితే పొట్టలో తెలిసేది. ఇప్పుడు ఛాతీలో తెలుస్తుంది. రొమ్ము మధ్య బరువు, ఎక్కిళ్లు, నోట్లో నీళ్లు ఊరడం. వీటిలో ఏది మొదలైనా చేతిలో ముద్ద ఉన్నా సరే ఆపేయండి. ఆ ఒక్క ముద్ద తింటే ముందు తిన్నదంతా బయటికి వస్తుంది. ఇంట్లోవాళ్లు దీన్ని అర్థం చేసుకోవడమే అన్నిటికన్నా కష్టం. మా వదిన ఎంతో ప్రేమగా ‘ఇదిగో, ఈ ఒక్క ముద్దా’ అని కలిపి నోటి దగ్గర పెట్టేది. కాదనలేం. అందుకని వడ్డించే ముందే, అందరూ కులాసాగా ఉన్నప్పుడే చెప్పి పెట్టుకోవాలి: ‘నేను చాలన్నాక ఇంకెవరూ అడగొద్దు, రెండు గంటల్లో మళ్లీ నేనే అడిగి తింటాను’ అని. మా ఇంట్లో ఈ మాట బాగా పనిచేసింది.

నీళ్లు, తిండి కలపకూడదు. తినడానికి అరగంట ముందు ఆపేసి, తిన్న అరగంట తర్వాత మళ్లీ తాగాలి. తినేటప్పుడు గొంతు తడుపుకోవడానికి ఒకటి రెండు గుక్కలు చాలు. ఉన్న కాస్త చోటు నీళ్లతో నిండితే తిండికి చోటుండదు, పైగా నీళ్లు తిండిని పేగుల్లోకి తోసేస్తాయి. మన ఊళ్లో ఎండాకాలం పఖాళ (నీళ్లలో నానబెట్టిన చద్దన్నం) లేకపోతే గడవదు, మార్చి 20న దానికో దినమే జరుపుతారు. నేను మానలేదు. అన్నం పిండి, మెత్తగా పిసికి, గట్టి పెరుగు కలుపుకుని తింటాను. తోరాణి, అంటే ఆ అన్నం నానిన నీళ్లు, విడిగా గ్లాసులో పోసుకుని ముప్పావుగంట ఆగి గుక్క గుక్కగా తాగుతాను. రెండూ దక్కుతాయి. మొత్తం మీద రోజుకి ఒకటిన్నర లీటరు తగ్గకుండా నీళ్లు పడేలా చూసుకోండి, లేకపోతే మలబద్ధకం, కళ్లు తిరగడం వస్తాయి.

ఏవి దిగుతాయి, ఏవి దిగవు అన్నది మనిషి మనిషికీ మారుతుంది కానీ కొన్ని అందరికీ కష్టమే. మెత్తటి బ్రెడ్డు, చపాతీ, ముద్దగా ఉన్న అన్నం నోట్లో బంకలా చుట్టుకుని ఇరుక్కుంటాయి. బ్రెడ్డు కాల్చుకుంటే నయం. మునక్కాడ పీచు, పనస, టమాటా తొక్క, తోటకూర కాడలు, నారలు నారలుగా ఉండే మాంసం మొదట్లో వద్దు. చికెన్ తినాలనిపిస్తే కీమా కొట్టించి, పులుసులో బాగా ఉడికించండి. చేపల్లో ఇలిషి (పులస జాతి చేప) రుచే గానీ ముళ్లెక్కువ, మన పరిస్థితిలో అది తగదు. చిలికా నుంచి వచ్చే పండుగప్పని, ఇక్కడ భేక్టి అంటారు, ముల్లు తీయించి పలచటి పులుసు పెట్టుకుంటే చెంచాతో విడిపోతుంది.

ఇడ్లీ నేను ఇలా చేస్తాను. పిండిలో మినప్పప్పు వంతు కాస్త ఎక్కువ. ఇడ్లీని గిన్నెలో తుంచి, పలచటి పప్పుచారు పైన పోసి, ఐదు నిమిషాలు నానబెట్టి, ఒక చెంచా నెయ్యి, ఒక చెంచా జీడిపప్పు పొడి కలుపుతాను. పలాస నుంచి తెప్పించుకున్న బద్దలు చవగ్గానే వస్తాయి, వేయించి పొడి కొట్టి సీసాలో పెట్టుకుంటాను. తినేది కొంచెమే కాబట్టి ఆ కొంచెంలోనే బలం ఉండాలి. పలచటి కూరగాయల సూపు గ్లాసెడు తాగి కడుపు నింపుకోవడం మన వాళ్లకి పనికిరాదని నా గట్టి అభిప్రాయం. ఛతువా మంచిది, వేయించిన సెనగలు, గోధుమలు కలిపి పట్టించిన పిండి. ఒడిశాలో అంగన్‌వాడీల్లో పిల్లలకిచ్చేది అదే. బెల్లం వేయకుండా ఉప్పు, జీలకర్ర వేసి పెరుగులో కలుపుతాను. రాగి అంబలి కూడా అంతే, మజ్జిగ పోసి ఉప్పుది చేసుకోండి, బెల్లం పోసింది వద్దు. కారణం ఇప్పుడు చెబుతాను.

తిన్నాక దడ, చెమటలు

ఇది రెండు రకాలు. మొదటిది తిన్న పది నిమిషాల నుంచి అరగంటలోపు వస్తుంది. గుండె దడదడ, ఒళ్లు వేడెక్కడం, పొట్టలో నొప్పి, గడగడ శబ్దం, వెంటనే విరేచనం. తీపి గాని, నీళ్లతో కలిపి తిన్న తిండి గాని ఒక్కసారిగా పేగుల్లోకి జారితే, ఒంట్లోని నీరంతా అటు లాగేసుకుంటుంది, అందుకే ఈ గోల. రెండోది తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వస్తుంది. చేతులు వణకడం, చల్లటి చెమటలు, కళ్లు బైర్లు కమ్మడం, మనసు గాభరా. తీపి గబగబా రక్తంలో కలిసేసరికి ఒళ్లు ఇన్సులిన్ ఎక్కువ వదులుతుంది, దాంతో షుగర్ బాగా పడిపోతుంది.

రెండిటికీ తిండిలోనే మందు. పంచదార, బెల్లం, కూల్‌డ్రింకులు, పళ్లరసాలు తగ్గించాలి. ప్రతి తిండిలో గుడ్డు, పప్పు, చేప, పెరుగు, ఛెనా ఇలాంటిది ఒకటి ఉండి తీరాలి. తిన్న తర్వాత అరగంట వెనక్కి వాలి కూర్చోండి, పూర్తిగా పడుకోకండి. ఇక్కడ రసగుల్లా, ఛెనాపోడో పెట్టకుండా ఎవరూ ఇంటి నుంచి పంపరు. ఎదురుగా తినకపోతే నొచ్చుకుంటారు. ‘ఇంటికి తీసుకెళ్లి తింటాను’ అంటే సంతోషంగా కట్టి ఇస్తారు. తినాలని మనసు మరీ పీకితే, భోజనం చివర ఒక చిన్న ముక్క చాలు. ఖాళీ కడుపుతో మాత్రం వద్దు.

రెండో రకం వస్తుందని తెలిసినవాళ్లు గ్లూకోమీటరు ఇంట్లో పెట్టుకోండి. వణుకు వచ్చినప్పుడు చూసి, 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదారో గ్లూకోజో నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటలో తేరుకున్నాక రెండు బిస్కెట్లు, కాస్త పెరుగు తినాలి, లేకపోతే ఆ పంచదారతోనే మళ్లీ పడిపోతుంది. మాటిమాటికీ వస్తుంటే డాక్టరుతో చెప్పండి, దీనికి మాత్రలున్నాయి. షుగర్ జబ్బు ముందే ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. బరువు తగ్గి, తిండి తగ్గాక కూడా పాత మోతాదు ఇన్సులినే వేసుకుంటే ప్రమాదం.

ఇదే కారణంతో ఉపవాసాల మాట కూడా చెప్పాలి. మార్గశిర గురువారాలు మన తెలుగు ఇళ్లలోనూ చేస్తారు, ఒడియా ఇళ్లలో మాణబసా అని ఇంకా ఘనంగా చేస్తారు. కార్తీకం సంగతి సరేసరి. పూజ చేయండి, ముగ్గు పెట్టించండి, కానీ కటిక ఉపవాసం వద్దు. లక్ష్మీదేవి నైవేద్యం మనకోసమే కదా, ముందుగా ఒక గిన్నెలో తీసి దేవుడికి చూపించి తినేయండి. మా పక్కింటి మావుసీయే నాకీ మాట చెప్పింది, ఆవిడ కన్నా నిష్ఠగా పూజ చేసేవాళ్లని నేను చూడలేదు.

జిడ్డుగా, నీళ్లు పోసినా కొట్టుకుపోని విరేచనాలు అవుతుంటే అది వేరే సంగతి. కొవ్వు అరగడం లేదని అర్థం. నెయ్యి తగ్గించి ఊరుకోకుండా డాక్టరుతో చెబితే భోజనంతో వేసుకునే ఎంజైమ్ మాత్రలు ఇస్తారు. చాలామంది సిగ్గుపడి చెప్పరు, అంతలో కిలోలకి కిలోలు తగ్గిపోతారు.

పడుకోవడం, వంగడం

తల కింద రెండు దిళ్లు పెట్టుకుంటే చాలనుకుంటారు. దానివల్ల మెడ వంగుతుంది, నడుము దగ్గర పొట్ట నొక్కుకుంటుంది, ఇంకా ఎక్కువ పైకి తంతుంది. నడుము నుంచి తల దాకా ఒకే వాలుగా లేవాలి. ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీల వాలు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు లేపండి. దానిమీద వాలు దిండు. దుకాణంలో ఫోమ్‌ది దొరుకుతుంది. నేను పరుపులు కుట్టే అతన్ని పిలిచి, కొలత చెప్పి, గట్టి దూదితో కుట్టించాను. వేసవిలో ఒళ్లు కాలదు. రాత్రి కిందికి జారిపోకుండా మోకాళ్ల కింద దుప్పటి చుట్ట పెట్టుకోండి. కరెంటు పోయి డాబా మీద పడుకోవాల్సి వస్తే వాలు దిండు కూడా మీతో పాటు డాబా ఎక్కాలి. మధ్యాహ్నం కునుకైనా సరే వాలులోనే.

చివరి తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. తిన్న వెంటనే వంగే పనులు చేయకూడదు. ముగ్గు పెట్టడం, బట్టలు ఉతకడం, బిందె ఎత్తడం, కత్తిపీట ముందు కూర్చోవడం, ఇవన్నీ తిన్నదాన్ని పైకి తోసేవే. మా పనిలో కింద పీట మీద కూర్చుని, వంగి అప్పడాలు ఒత్తాలి. ఇప్పుడు ఎత్తుబల్ల చేయించుకుని నిలబడి ఒత్తుతున్నాను. బోర్లా వంగి చేసే పని ఏదైనా పొద్దున్నే, తినకముందు చేసేయండి. పావడా బొందు, బెల్టు వదులుగా ఉండాలి.

గొంతులోకి వచ్చేవి పుల్లగా ఉంటే ఆమ్లం, ఎసిడిటీ మాత్ర పనిచేస్తుంది. పచ్చగా, చేదుగా ఉంటే పైత్యరసం, దానికి ఆ మాత్ర ఒక్కటే చాలకపోవచ్చు. ఏ రుచో చెబితే డాక్టరుకి మందు మార్చడం తేలికవుతుంది. రాత్రి పొలమారి లేవడం, లేచాక దగ్గు ఆగకపోవడం, మర్నాడు జ్వరం వస్తే ఊపిరితిత్తుల్లోకి పోయిందేమోనని వెంటనే చూపించాలి. దాన్ని జలుబని వదిలేయకండి.

అడ్డుపడితే

అతికిన చోట మచ్చ గట్టిపడి దారి సన్నబడటం చాలామందికి జరుగుతుంది, ముఖ్యంగా మొదటి ఏడాదిలో. నిన్నటిదాకా దిగిన ఇడ్లీ ఇవాళ ఆగుతుంది, వారం తిరిగేసరికి జావే దిక్కవుతుంది. ఇలా మెత్తటివాటికి దిగిపోతున్నామంటే ఆలస్యం చేయకుండా వెళ్లాలి. ఎండోస్కోపీ చేసి, బెలూన్‌తో గాని, సన్నటి గొట్టాలతో గాని సాగదీస్తారు. అదే రోజు ఇంటికి పంపుతారు. ఒకసారితో సరిపోకపోవచ్చు, మళ్లీ మళ్లీ చేయించుకోవాల్సి రావచ్చు, అంతమాత్రాన ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు. అక్కడి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపినా కంగారు పడకండి, మామూలుగా చేసేదే.

తినేటప్పుడు ముక్క ఇరుక్కుంటే లేచి నిలబడండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, కాసేపు నడవండి. చాలాసార్లు దానంతటదే దిగుతుంది, లేదా పైకి వస్తుంది. చేపముల్లుకి చేసినట్టు వెనకాలే అన్నం ముద్దో, అరటిపండో మింగి తోసేయాలని చూడొద్దు, ఇంకా బిగుస్తుంది. ఉమ్ము కూడా మింగలేకపోతే రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాలి. సాగదీయించుకుని వచ్చాక ఛాతీలో గట్టి నొప్పి, జ్వరం, ఆయాసం వస్తే కూడా అంతే, తెల్లారేదాకా ఆగకూడదు.

మాత్రలు పెద్దవైతే అవీ ఇరుక్కుంటాయి. సిరప్పుగా గాని, నీళ్లలో కరిగేవిగా గాని రాయమని అడగండి. అన్నీ దంచి వేసుకోకూడదు, కొన్నిటికి పైపూత ఉంటుంది, మందుల షాపులో అడిగి చేయండి. ఒళ్లునొప్పులకి సొంతంగా నొప్పి మాత్రలు కొనుక్కుంటే పైకి లాగిన పొట్టలో పుండ్లు పడే ప్రమాదం ఉంది. ఎముకల బలానికి వారానికోసారి వేసుకునే మాత్రలు అన్నవాహికని ఒరుస్తాయి, ఎవరు రాసినా మీ ఆపరేషన్ సంగతి చెప్పాకే వేసుకోండి.

బరువు, నీరసం, రక్తపరీక్షలు

మొదటి ఆరు నెలల్లో ఒంటి బరువులో పదో వంతు, కొందరికి ఇంకా ఎక్కువ తగ్గుతుంది. తర్వాత ఒకచోట నిలుస్తుంది. పాత బరువు రావాలని పట్టుబట్టొద్దు, నిలిచిందా లేదా అన్నదే చూడాలి. వారానికోసారి, ప్రతిసారీ అదే రోజు, పొద్దున్నే, అదే కాటా మీద చూసి గోడ క్యాలెండర్‌లో రాయండి. తిండి మామూలుగానే ఉన్నా వరసగా తగ్గుతూ పోతుంటే కారణం వెతికించాలి. పొట్టకి పైపు ఇంకా ఉన్నవాళ్లు నోటితో సరిపడా తినేదాకా తీయించుకునే తొందర పడకండి. పాలు పోసిన ప్రతిసారీ ముందూ వెనకా గోరువెచ్చటి నీళ్లతో కడిగితే మూసుకుపోదు.

నీరసానికి అందరూ ‘వయసు’ అంటారు. నమ్మకండి. రక్తం తక్కువ, ఇనుము తక్కువ, బి12 తక్కువ, విటమిన్ డి తక్కువ, ఏదైనా కావచ్చు. మారిపోయిన జీర్ణాశయం వల్ల బి12 ఒంటికి సరిగా పట్టకపోవచ్చు, ఇంజెక్షన్‌తో సరిపోతుంది. మెడ దాకా కరెంటు పెట్టిన వాళ్లు థైరాయిడ్ కూడా చూపించుకోవాలి. ఇవన్నీ ఏడాదికోసారైనా చేయించండి.

పరీక్షలు బాగున్నా నీరసం ఉంటే దానికి మందు నడకే. మొదట వీధి చివరిదాకా, తర్వాత సంత దాకా. మా ఆయన నన్ను ఆదివారాలు గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లేవారు, ఇసక గట్టిగా ఉండే అంచున నడిచేవాళ్లం. కూర్చోవాలనిపిస్తే కూర్చోవడమే, పందెం ఏమీ లేదు. తారాతారిణికి మొక్కుకున్నవాళ్లు 999 మెట్లూ ఎక్కాలని చూడకండి, రోప్‌వే ఉంది, అమ్మవారు ఏమీ అనుకోదు. కరెంటు అయిన కొన్ని నెలల్లోపు పొడిదగ్గు, ఆయాసం కొత్తగా మొదలైతే నడక ఆపి చూపించండి, ఊపిరితిత్తులకి వాపు వచ్చి ఉండవచ్చు. దానికి వైద్యం ఉంది.

పాన్‌లో గుండి (పొగాకు), గుట్కా, బీడీ, సారా అన్నీ మానాల్సిందే. మన వైపు పెద్దావిడలు అడ్డపొగ చుట్ట కాలుస్తారు, అదీ మానాలి. ఈ ఒక్క విషయంలో కొంచెం, అప్పుడప్పుడు అనే మాటే లేదు.

చేతులు, గొంతు, కుట్ల చోటు

కొన్ని కీమో మందుల వల్ల చేతివేళ్లు, పాదాలు తిమ్మిరెక్కుతాయి. నెలల తరబడి ఉంటుంది. అప్పడం పిండిలో మిరియపు పలుకు వేళ్ల మధ్య ఉందో లేదో నాకు తెలిసేది కాదు, కళ్లతో చూస్తేనే తెలిసేది. చొక్కా గుండీ పెట్టుకోలేని వాళ్లున్నారు. ఇలాంటప్పుడు మూకుడు వట్టి చేత్తో పట్టుకోకండి, స్నానం నీళ్లు మోచేత్తో చూసుకోండి, ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోండి. చెవుల్లో హోరు ఉంటే అదీ కీమో వల్ల కావచ్చు, చెప్పండి.

గొంతు బొంగురుపోవడం స్వరనరం దెబ్బతినడం వల్ల. చాలామందికి నెమ్మదిగా బాగవుతుంది. అప్పటిదాకా నీళ్లు తాగితే పొలమారుతుంటే, గడ్డం ఛాతీకి ఆనించి మింగండి, మజ్జిగలాంటి చిక్కటివి ముందు మొదలుపెట్టండి. స్పీచ్ థెరపిస్టు ఉంటే చూపించండి. పక్కటెముకల దగ్గర కుట్ల చోట మంట, సూదులు గుచ్చినట్టు ఉండటం నరాల నొప్పి. మామూలు నొప్పి మాత్రకి లొంగదు, నరాల మాత్రకి లొంగుతుంది. బిగుతు జాకెట్లు పక్కన పెట్టండి.

టెన్షన్

స్కానింగుకి వారం ముందు నుంచి నిద్ర పట్టదు. చిన్న నొప్పి కూడా పెద్దదిగా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లతో అంటే వాళ్లు భయపడతారని లోపలే దాచుకుంటాం. దాచుకోవద్దు. అందరూ కలిసి తినేచోట మనం చిన్న గిన్నెతో కూర్చోవడం కూడా బాధే, అయినా అందరితోనే కూర్చోండి. గదిలో ఒక్కరే తింటే తిండి ఇంకా తగ్గుతుంది. రోజుల తరబడి ఏడుపు వస్తున్నా, బతకాలనిపించకపోయినా 14416 టెలి మానస్‌కి, అది మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైను, ఫోన్ చేయండి, డబ్బులు కట్టక్కర్లేదు. తెలుగులో గాని ఒడియాలో గాని మాట్లాడవచ్చు.

ఆగకూడనివి, ప్రయాణాలు

రక్తపు వాంతి, తారులా నల్లటి విరేచనం, తగ్గని వాంతులు, ఆయాసంతో జ్వరం, ఒక్కసారిగా పట్టుకున్న ఛాతీ నొప్పి, ఇవి వస్తే ఆపరేషన్ చేసిన ఊరికే వెళ్లాలని బండి కోసం చూడకండి. ముందు దగ్గరున్న పెద్దాస్పత్రికి, మాకైతే ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, వెళ్లండి. అక్కడి నుంచే మీ డాక్టరుకి ఫోన్ చేయించండి.

మామూలు చెకప్పుకి విశాఖ వెళ్లాల్సి వస్తే పగటి బండి చూసుకోండి. స్లీపర్ బెర్తు చదునుగా ఉంటుంది, రాత్రంతా దానిమీద పడుకోవడం మనవల్ల కాదు. తప్పక రాత్రే వెళ్లాలంటే పక్క కింది బెర్తు తీసుకుని, కిటికీ గోడకి వీపు ఆనించి, సంచులు అమర్చుకుని కూర్చోండి. ఉడికించిన గుడ్డు, ఇడ్లీ, ఛతువా పొట్లం, గ్లూకోజు చేతిసంచిలో ఉండాలి. బండి ఆలస్యమైతే మన తిండి ఆలస్యం కాకూడదు.

ఒక కాగితం రాయించుకుని ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. ఆపరేషన్ పేరు, తేదీ, మందులు, మీ డాక్టరు ఫోన్ నంబరు. దానిమీద పెద్ద అక్షరాలతో మూడు మాటలు ఉండాలి: జీర్ణాశయం ఛాతీలో ఉంది, చదునుగా పడుకోబెట్టకూడదు, ముక్కులోంచి గొట్టం చూడకుండా వేయకూడదు. పన్ను పీకించుకున్నా, కంటి శుక్లం తీయించుకున్నా, మత్తు ఇచ్చేముందు ఆ కాగితం చూపించాలి. శుక్లం ఆపరేషన్‌కి వెల్లకిలా పడుకోమంటారు కాబట్టి ముందే చెబితే తలవైపు ఎత్తు పెట్టి చేసే వీలుంటుంది. ఇంగ్లీషులో ఒకటి, ఒడియాలో ఒకటి రాయించి, రెండోది ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంచండి.